మెలి గొట్టాల తుపాకి

నేను సేకరించినవి తుపాకులు కావు, తుపాకుల అచ్చులు. సౌదీలో పరాయి దేశపు పనివాడి దగ్గర తుపాకి దొరికితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గొట్టాల మధ్య పట్టీ మీద చెక్కిన అక్షరాలు, లోపలి భాగాల మీద కొట్టిన నంబర్లు, ఇనుము మీది చారలు: వీటిపై పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే ఆకారం పైకి తేలుతుంది. అలా మూడు తుపాకుల అచ్చులు నా దగ్గర ఉండేవి. ఒకటి తాయిఫ్‌లో పాత సామాన్లు అమ్మే దుకాణంలోది. ఇంకొకటి ఖమీస్ ముషైత్‌లో పంపు బిగించడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి గోడ మీద కనిపించింది. మూడోది, అన్నిటికంటే ముందు అచ్చు తీసింది, మా కఫీల్ తండ్రిది; కఫీల్ అంటే నన్ను పనికి పిలిపించుకున్న యజమాని. మూడూ అమెరికాలో తయారైనవే, మూడూ రెండు గొట్టాలవే. దుకాణంలోదీ ఆ ఇంట్లోదీ గోడకు వేలాడేవి. మూడోది పేలేది.

నాది కరీంనగర్ జిల్లా. మెకానికల్ డిప్లొమా చదివి, తాయిఫ్‌లో కఫీల్ తోటల పంపులు, జనరేటర్లు చూసుకునేవాణ్ణి. ఆయన తండ్రిని మేమంతా బాబా అనేవాళ్ళం. బాబా ఊళ్ళోని పెద్ద ఇంట్లో ఉండకుండా దానిమ్మ తోటలోనే ఉండేవాడు. కొండల మీంచి కోతులు గుంపులుగా దిగేవి. కుక్కంత ఎత్తు, మగవాటికి మెడ చుట్టూ జూలు. బాబా వాటి తలల మీదుగా గాల్లోకి కాల్చేవాడు. అవి పారిపోయేవి, మర్నాడు మళ్ళీ వచ్చేవి.

ఒకసారి తుపాకి మీట బిగుసుకుపోయిందని నా చేతికిచ్చాడు. బంగారు గనిలో పనిచేసిన ఒక అమెరికావాడు బాబా వాళ్ళ నాన్నకు ఇచ్చాడట. నూనె గుడ్డతో తుడుస్తుంటే గొట్టాల మీద పాము కుబుసంలాంటి చారలు బయటపడ్డాయి. అలాంటి ఇనుము నేను ఏ వర్క్‌షాపులోనూ చూడలేదు. మొదటి అచ్చు ఆ రోజే తీశాను.

తొంభై ఒకటిలో యుద్ధం వచ్చిన చలికాలంలో కఫీల్ నన్ను అమెరికావాళ్ళ క్యాంపులో జనరేటర్ల పనికి పంపాడు. అక్కడ ఒక ముసలి అమెరికన్ మెకానిక్ ఉండేవాడు. సైనికుడు కాదు, కాంట్రాక్టు మనిషి. మాటల్లో అచ్చులు చూపిస్తే విప్పిన జనరేటర్‌ను అలాగే వదిలేసి కూర్చున్నాడు. అతను తన ఊళ్ళో సరిగ్గా ఇలాంటి తుపాకులే సేకరిస్తాడట. విమానాలు మా నెత్తిమీదుగా లేస్తుంటే, చప్పుడు తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నంబరు ఎక్కడ వెతకాలి, చారల రకాన్ని బట్టి తుపాకి ఏ తరగతిదో ఎలా పోల్చాలి, ఏ ఊరి కంపెనీ ఎప్పుడు మూతపడింది, అన్నీ అతని దగ్గరే నేర్చుకున్నాను. బాబా తుపాకి వందేళ్ళకు దగ్గర పడిందని, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో చేసిన చవక రకమని తేల్చాడు. ఇనుప పట్టీలు, ఉక్కు పట్టీలు కలిపి మెలితిప్పి, కడ్డీ చుట్టూ తాడులా చుట్టి, కాల్చి సుత్తితో అతికిన గొట్టాలవి. అంటే మొదలు నుంచి చివరిదాకా అతుకే.

“దీన్ని ఎవరైనా పేలుస్తున్నారా?” అని అడిగాడు.

“బాబా. దాదాపు రోజూ.”

“ఏ తూటాలు?”

“చేత్తో నింపుకున్నవి. పాతకాలం నల్ల తుపాకిమందు.”

“ఆ మందు అయిపోయిన రోజు గోడకు తగిలించమను. అతుకుల మధ్య తుప్పు లోపల్లోపల తింటుంది, పైకి కనబడదు. ఇప్పటి తూటాల్లోని కొత్త మందు ఒత్తిడికి గొట్టం విచ్చుకుంటే ముందు పోయేది దాని కింద పెట్టిన ఎడమచేయి.”

యుద్ధం ముగిసింది, క్యాంపు ఎత్తేశారు, అతను వెళ్ళిపోయాడు. నేను తోటకు తిరిగొచ్చేసరికి బాబా గదిలో ఎర్ర ప్లాస్టిక్ తూటాల పెట్టెలు ఉన్నాయి. కొండ ఊరి నుంచి పాత తుపాకిమందు తెచ్చే మనిషి చనిపోయాడట, కఫీల్ జిద్దా నుంచి ఇవి తెచ్చిపెట్టాడట.

బాబా మాట్లాడేది అరబీ. నాకు అర్థమైనంతలో తెలుగులో రాస్తున్నాను.

“బాబా, ఈ తూటాలు దీనికి పనికిరావు.”

“ఎందుకు పనికిరావు? చక్కగా దూరాయి.”

“దూరడం వేరు, గొట్టం ఓర్చుకోవడం వేరు. క్యాంపులో అమెరికా ఆయన చెప్పాడు, గోడకు తగిలించమని.”

“వాడి తుపాకిని వాడు తగిలించుకోమను. వాడి దానిమ్మల మీద కోతులు కూర్చోవు.”

“చేయి పోతుంది బాబా.”

ఆయన ఎడమచేయి చాచి, వేళ్ళు ఆడించి, నవ్వాడు.

నేను వదల్లేదు. ఇనుము గురించి చెప్పాను, అచ్చులు పరిచి అతుకులు చూపించాను. తోటమాలి మా జగిత్యాల దిక్కు మనిషి, నేను మామా అని పిలిచేవాణ్ణి. పాదులు చేస్తూ అంతా వింటుండేవాడు.

“అల్లుడా, ఇంటికాడ నీకు పిల్లను చూస్తున్నరట. పోరడు ఏం జేస్తడని పిల్ల నాయిన అడిగితె ఏం జెప్పాలె? తుపాకి మీద కాయిదం బెట్టి రుద్దుతడు, దాని కులగోత్రాలు అడుగుతడు అని జెప్పాల్నా?”

“మామా, ఆయన చేయి పోతది. నవ్వులాట కాదు.”

“అయితె దాని సూది ఇరగ్గొట్టు. పీడ వోతది.”

అది కూడా ఆలోచించాను. నాకున్న దారులు ఒక్కొక్కటిగా చూసుకున్నాను. తూటాను కొట్టి పేల్చే సూది విరగ్గొడితే బాబా ఆ రోజే కనిపెడతాడు, ఆ తుపాకిని విప్పేది నేనొక్కణ్ణే. తూటాలు దాచేస్తే కఫీల్ ఇంకో పెట్టె తెస్తాడు. కఫీల్‌తో చెబుదామంటే చెప్పాను కూడా. “మా నాన్న మాట కాదని ఆ తుపాకి నేను ముట్టుకోలేను, నువ్వే నచ్చజెప్పు” అన్నాడు. చివరికి దారి చూపించింది బాబానే.

“నువ్వు ముహందిస్‌వి కదా, ఇంజనీరు చదువు చదివావు. నోటితో కాదు, నిరూపించు.”

ట్రాక్టరు పాత టైరుకు తుపాకిని తాళ్ళతో కట్టాను. మీటకు పొడవాటి తాడు కట్టి పంపుగది గోడ వెనక నిలబడ్డాను. బాబాను, మామను నా వెనక నిలబెట్టాను. పెట్టెలో ఉన్నవాటిలో బలమైన తూటా ఎంచి, ఎడమ గొట్టంలో పెట్టాను. గొట్టం మందం చోటుచోటునా వెర్నియర్‌తో ముందే కొలిచాను. నెలల తరబడి తుడిచి, దాని ఊరు, కాలం వెతికి పట్టుకున్న వస్తువు అది. అది నా కళ్ళముందే చీలిపోవాలని తాడు పట్టుకుని కోరుకున్నాను.

తాడు లాగాను. పేలింది. టైరు ఎగిరి పక్కకు పడింది. వెళ్ళి చూస్తే గొట్టం చెక్కుచెదరలేదు. మళ్ళీ కొలిచాను, అవే అంకెలు. కుడి గొట్టం కూడా పేల్చాను. అదీ అంతే.

బాబా నా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు.

“బాబా, అలా కాదు. ఈసారి ఓర్చుకుందని మాత్రమే దీనర్థం. ఈ దెబ్బకు లోపల ఒక అతుకు వదులై ఉండొచ్చు. వచ్చేసారి...”

“మనిషి కూడా అంతే కదా, అబ్బాయ్. నిన్న బతికాడు, రేపటి సంగతి ఎవరికీ తెలీదు. అందుకని ఇవాళ అన్నం మానేస్తాడా?”

నేను వెర్నియర్ తుడిచి పెట్టెలో పెట్టుకున్నాను.

మామ తాళ్ళు విప్పుతూ, “బెదిరియ్యబోయి ధైర్యం జెప్పినవ్ గద అల్లుడా” అన్నాడు.

అంతవరకు బాబా ఏ మూలో భయపడుతూ పేల్చేవాడేమో, ఆ తర్వాత అదీ పోయింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు: ముహందిస్ పరీక్ష చేశాడు, అమెరికా పద్ధతిలో. నా అచ్చులను కఫీల్ అద్దం కట్టించి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, పెట్టించాడు. నేను ప్రమాదం చూపించడానికి తీసిన చారలను వాళ్ళు సర్టిఫికెట్ చూసినట్టు చూసేవాళ్ళు. తుపాకి పేలినప్పుడల్లా నేను ఎక్కడున్నా పని ఆపి, తర్వాత బాబా గొంతు వినబడేదాకా నిలబడేవాణ్ణి.

దానిమ్మలు కోతకు వచ్చినప్పుడు బాబా చుట్టాలను, స్నేహితులను పిలిచాడు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అందరూ తోట గట్టు మీద వరసగా నిలబడ్డారు. కొండవాలున కోతులు కూర్చుని చూస్తున్నాయి. బాబా నన్ను పిలిచి తుపాకి నా చేతుల్లో పెట్టాడు.

“మొదట ముహందిస్. దీని సంగతి ఇతనికి తెలిసినంత మనలో ఎవరికీ తెలీదు.”

ఇల్లు గలాయన తన తుపాకిని అందరి ముందు ఒక పనివాడి చేతికివ్వడం ఎంత మర్యాదో నాకు తెలుసు. కాదంటే ఆయన మాట అబద్ధమని అతిథుల ముందు చెప్పినట్టే. ఆ మాట అందామని నోరు తెరిచాను కూడా. ఆయన ముఖం చూసి మూసుకున్నాను. ఎడమచేతిని వీలైనంత వెనక్కి జరిపి పట్టుకుని, ముఖం పక్కకు తిప్పి, కుడి గొట్టం పేల్చాను.

“రెండోది” అన్నాడు బాబా.

ఎడమది కూడా పేల్చాను. కోతులు గుట్ట అవతలికి పరిగెత్తాయి. అందరూ మాషాల్లా అని మెచ్చుకున్నారు. నా చేతివేళ్ళు అన్నీ ఉన్నాయి. చెప్పడానికి మిగిలిన చివరి మాట కూడా అప్పుడే పోయింది. పేల్చి చూపించిన వాడు పేల్చొద్దని ఎలా చెబుతాడు?

బాబా తుపాకిని మడత దగ్గర వంచి తెరిచి, ఖాళీ తూటాలు గోటితో లాగి నా అరచేతిలో వేశాడు. వేడిగా ఉన్నాయి. వాటి అడుగున ఉన్న ఇత్తడి ఎక్కడైనా ఉబ్బిందా, చీలిందా అని తిప్పితిప్పి చూశాను. గొట్టం లోపల ఏం జరిగిందో అవి చెప్పవని తెలుసు. చూడటం తప్ప చేయగలిగింది లేదు.

ఆయన రెండు కొత్త తూటాలు పెట్టి తుపాకిని వరసలో తర్వాతి మనిషికి ఇచ్చాడు. ఆ మనిషి నవ్వుతూ ఎడమచేతిని గొట్టాల కింద, బాగా ముందుకు, పెట్టాడు. చేయి వెనక్కి జరపమని అరబీలో చెప్పాను. ఆయనకు వినబడలేదు. బాబా చెవులు మూసుకోమని నాకు సైగ చేశాడు.