వాన మింగేసిన సగం కథ

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అరికాళ్లలో చక్రాలతో పుట్టిందని మా అమ్మ తిట్టేది. ఇప్పుడు మాత్రం ఏం మారాను? ఈ నాలుగు ముక్కలు చెప్పడం మొదలుపెట్టి అప్పుడే రెండుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లొచ్చాను. చెప్పాల్సింది ఒక్క రోజు సంగతే. అది తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు జల్లుమంటుంది, అందుకే ఈ తిరుగుడు.

మేం ఫిజీలో, నవువా నది ఒడ్డున ఒక చెరకు తోటలో ఉండేవాళ్లం. ఐదేళ్లు తోటలో పని చేస్తానని కాగితం మీద వేలిముద్ర వేసి అమ్మ ఓడెక్కింది. ఆ కట్టుబాటునే గిర్మిట్ అనేవాళ్లు. నన్ను చంకనేసుకుని వచ్చింది. మేం వచ్చిన ఏడాదే నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ గిర్మిట్ ఇంకా ఒక ఏడాది మిగిలి ఉంది, నాకప్పుడు ఏడేళ్లు.

కూలీలకు వరసగా గదులు కట్టి ఇచ్చారు. వాటిని లైన్లు అనేవాళ్లం. గదికీ గదికీ నడుమ చెక్క గోడ కప్పు దాకా వెళ్లదు, పైన ఖాళీ. ఒక గదిలో మిరపకాయ పోపు వేస్తే వరసంతా తుమ్మేది. ఒక గదిలో కథ చెబితే వరసంతా ఊకొట్టేది.

కథ చెప్పేది మా పక్క గది పెద్దయ్య. కాళహస్తి వైపు మనిషి, మాతోపాటే ఒకే ఓడలో వచ్చాడు. మిల్లు బండి కింద పడి కుడి చేతి వేళ్లు రెండు పోయాయి. పార పట్టలేడు కాబట్టి కావడితో పొలంలో వాళ్లకు నీళ్లు మోసేవాడు. పొద్దువాలి అందరూ పొయ్యిల ముందు చేరాక రోజుకింత చొప్పున కన్నప్ప కథ చెప్పేవాడు. మా లైన్లలో ఆ భక్తుడంటే ప్రాణం. ఆయనకు మంత్రం రాదు, మడి తెలీదు. నోటినిండా నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి శివుడికి స్నానం చేయించాడు, తను రుచి చూసిన మాంసమే ముద్ద పెట్టాడు. గుడీ పూజారీ లేక, నదిలో దొరికిన రాయికి పసుపు రాసి దండం పెట్టుకునే మాకు అంతకన్నా దగ్గరివాడు ఎవరుంటారు? నాకు మాత్రం ఆయన ఇంకొకందుకు నచ్చాడు. ఆయన కూడా ఒక్కచోట కూర్చునే రకం కాదు.

ఆ రోజుల్లోనే అమ్మ ఎడమ కన్ను దెబ్బతింది. ఎండాకు దూస్తుంటే చెరకు ఆకు అంచు కంట్లో కోసింది. కన్ను ఎర్రగా వాచి మూసుకుపోయింది. అయినా పనికి వెళ్లక తప్పదు. లేత చెరకులో కలుపు చెక్కే పని ఇచ్చారు. ఎడమవైపు కనబడక గడ్డిని వదిలేసి మొక్కల్ని చెక్కేసేది. ఆ రోజుకు కొలిచి ఇచ్చిన పనిని టాస్కు అంటారు. రెండు రోజులు అమ్మ టాస్కు సరిగా చేయలేదని, కూలీల మీద పెత్తనం చేసే సర్దారు హాజరు వేయలేదు. రెండో రోజు సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి, "కల్ భీ టాస్క్ పూరా నై, తో కచెహరీ" అని అరిచి వెళ్లాడు. రేపు కూడా టాస్కు పూర్తి కాకపోతే కచేరీకే అని. కచేరీ అంటే కోర్టు, కోర్టంటే జైలని ఏడేళ్ల పిల్లకు కూడా తెలుసు. అమ్మను జైలుకు తీసుకుపోతే నేనెక్కడ ఉండాలి? ఆ మాట ఎవరినైనా అడగాలన్నా భయమే.

ఆ సాయంత్రమే పెద్దయ్య కథలో శివుడి కంట్లోంచి నెత్తురు కారింది. కన్నప్ప అడవంతా పరిగెత్తి ఆకులు తెచ్చి పసరు పిండాడు. తగ్గలేదు. కంటికి కన్నే మందని తలచి, బాణం తీసి తన కన్ను తనే పెకలించి స్వామికి పెట్టాడు. నెత్తురు ఆగిపోయింది. సరిగ్గా అక్కడే వాన దిగింది. నవువా వాన సంగతి తెలియనివాళ్లకు ఏం చెప్పను, రేకుల మీద పడితే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. గోడ అవతల పెద్దయ్య కథ చెబుతూనే ఉన్నాడు, నాకు ఒక్క ముక్క అందలేదు. అందిన సగంతోనే పడుకున్నాను.

మర్నాడు అమ్మ పనికి వెళ్లగానే నేను కథ ప్రకారం పని మొదలుపెట్టాను. గట్ల వెంబడి తిరిగి నాలుగు రకాల ఆకులు కోసి నలిపాను. పిచ్చి ఆకులు కంటి దగ్గరికి తేవద్దని అమ్మ పొద్దున్నే కసిరిన సంగతి గుర్తొచ్చి పారేశాను. ఆకులు అయ్యాయి, ఇక బాణమే. మా దగ్గర బాణాలెక్కడివి? లైన్ల వెనక నిమ్మచెట్టు నుంచి పొడుగాటి ముల్లు విరిచాను. కన్ను తీశాక వెంటనే పెట్టాలి కదా, అందుకని ముల్లు గుప్పెట్లో పట్టుకుని అమ్మ దగ్గరికే బయలుదేరాను.

పొలం దారిలో పెద్దయ్య కావడితో ఎదురయ్యాడు.

"అమ్మీ, యాడికి పోతుండావు?"

నేను దానికి జవాబు చెప్పకుండా, కన్ను తీసుకున్నప్పుడు కన్నప్పకు బాగా నొప్పి పుట్టిందా అని అడిగాను. ఆయన నా మొహం చూశాడు, గుప్పెట చూశాడు. నా చెయ్యి పట్టుకోలేదు, కేకలు వేయలేదు. కావడి దింపి గట్టు మీద కూలబడి, అరికాలు పైకి పెట్టి, ముల్లు విరిగిందని మూలిగాడు. ముల్లును ముల్లుతోనే తీయాలి కదా, నా చేతిలోది కాస్త ఇవ్వమన్నాడు. పెద్దవాళ్లు అడిగితే ఇవ్వకుండా ఎట్లా? ఇచ్చాను. ఆయన పాదం రాయిలాంటిది, అందులో ముల్లు దిగే మాటే లేదని నాకు చాలా ఏళ్లకు తట్టింది.

ముల్లు తలపాగాలో దోపుకుని, వాన మింగేసిన సగం కథ అక్కడే చెప్పాడు. అవతల మనుషులు నీళ్లకోసం కేకలు వేస్తున్నా లేవలేదు. శివుడి రెండో కన్నూ కారిందట. కన్నప్ప గుర్తుకోసం అక్కడ కాలి బొటనవేలు ఆనించి, తన రెండో కంటికి బాణం ఎత్తాడట. అప్పుడు శివుడు ఆగమని చెయ్యి పట్టుకున్నాడట.

నాకు ఒళ్లు మండింది. మొదటి కన్ను పోకముందే ఆపొచ్చు కదా, ఆ దేవుడికేం పోయింది అని గట్టిగానే అడిగాను. పెద్దయ్య తలపాగాలోని ముల్లును ఇంకాస్త లోపలికి నెట్టుకున్నాడు.

"నాకూ తెలీదు అమ్మీ. ఆయన రెండో కంటికి ఆపినాడు. నేను మొదటి కంటికే ఆపుతుండా."



తర్వాత నా ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని గట్టు మీద నడవమన్నాడు. నాలుగడుగులు వేసి ఎడమవైపు కాలవలో పడ్డాను. మీ అమ్మ మూడు దినాలుగా ఇట్లనే పార పట్టుకోనుండాదని చెప్పి నన్ను పైకి లాగాడు. కన్ను పెకలిస్తే అది ఎవరికీ చూపు కాదు, ఆ పక్కన నిలబడి చూసి చెబితే మీ అమ్మకు చూపే అన్నాడు.

ఆ రోజంతా అమ్మకు ఎడమ పక్కన నిలబడ్డాను. ఇది గడ్డి, ఇది మొక్క, కాస్త ఇవతలికి, అక్కడ రాయి. అమ్మ మొదట విసుక్కుంది, ఒక సాలు పూర్తయ్యాక విసుక్కోవడం మానేసింది. కాళ్లు పీకాయి, పరిగెత్తాలనిపించింది, ఏడుపొచ్చింది. పొద్దువాలేసరికి సర్దారు వచ్చి సాలు సాలూ వంగి చూశాడు. తప్పు దొరకలేదు. హాజరు వేసి ముందుకు పోయాడు. ఆ నెలంతా నేను ఆ పక్కనే ఉన్నాను. అమ్మకు ఆ కన్ను మళ్లీ రాలేదు, కానీ జైలు గడప తొక్కకుండానే గిర్మిట్ ముగించుకుంది.

ముల్లు సంగతి పెద్దయ్య ఎవరికీ చెప్పలేదు. నేనే అమ్మకు చెప్పాను, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక. అమ్మ నా చెంప ఛెళ్లుమనిపించింది. మరు నిమిషం నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ పోయిన రోజు ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చుట్టాలు నన్ను తల దగ్గర కూర్చోమన్నారు. నేను లేచి ఎడమ పక్కకు వెళ్లాను, ఆమెను తీసుకెళ్లేదాకా అక్కడినుంచి కదల్లేదు. నా బతుకులో నేను కుదురుగా కూర్చున్నది ఆ ఒక్క పూటే. ఇప్పటికీ ఎవరితో నడిచినా నాకు తెలియకుండానే ఎడమవైపుకు చేరతాను. మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ, ఆ పక్కన గుంత ఉంటే ముందు చెప్పేది నేనే.