ముప్పైసార్లు నమిలిన సోబా

ఫుకగావా పేట మొత్తంలో మా తాత టోకుజో అంతటి మొనగాడు లేడు. పొట్టలో మూడింట రెండు వంతులు డాక్టర్లకు ఇచ్చేసి, మిగిలిన ముక్కతోనే ముగ్గురు సుమో వీరులను తిండిలో ఓడించగలడు. బడిలో నాకు భిన్నాలు రాలేదు కానీ ఈ లెక్క మాత్రం వచ్చు.

అసలు సంగతి నానమ్మ కిను చెప్పింది. తాతకు పదేళ్లు కడుపులో పుండు. వంటసోడా నీళ్లు తాగుతూనే మా దుకాణంలో సోబాకు, అంటే బక్‌వీట్ గింజల పిండితో చేసే నూడుల్స్‌కు, పిండి పిసికేవాడు. మందులతో తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. ఒకరోజు నల్లటి విరేచనమై కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో కోశారు. తీసిన ముక్కను ఇంటివాళ్లకు చూపించడం మా ఆసుపత్రుల్లో అలవాటు, డాక్టరు ట్రేలో పెట్టి తెచ్చాడు. నానమ్మ వంగి పుండును చూసి, "ఇంతేనా? ఈయన అరుపులకు గుమ్మడికాయంత ఉంటుందనుకున్నా" అందట.

ఆపరేషన్ బాగానే జరిగింది. చిక్కల్లా ఆ తర్వాత డాక్టరు చెప్పిన పథ్యంతో వచ్చింది. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తినాలి, ప్రతి ముద్దా ముప్పైసార్లు నమలాలి. మా పేటలో సోబాను ఎవరూ నమలరు. చర్రున జుర్రి గొంతులోకి జార్చేస్తారు. నమిలేవాళ్లను తాత మొరటువాళ్లని వెక్కిరించేవాడు. ఇప్పుడు నమలకపోతే తన సోబా తనే రుచి చూడలేడు. నమిలే కంటే దుకాణం మూసేయడమే నయమని నెల రోజులు తలుపు తీయలేదు.

చివరికి ఒక ఉదయం వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని నమిలాడు. నానమ్మ పక్కనే లెక్కపెట్టింది. పద్దెనిమిది దగ్గర ఆగాడు.

"ఏమే, ఇందులో సోబా రుచేదీ? అంతా గోధుమపిండే."

"జారాలని మీరే కలిపారు. ఇరవై ఏళ్లుగా చెబుతున్నా, నమిలితేగా తెలిసేది. ఇంకా పన్నెండున్నాయి, కానివ్వండి."

మర్నాడు గోధుమపిండి తగ్గించి దుకాణం తెరిచాడు. సోబా గరుకుగా ఉంది, గొంతులో జారడం లేదని పాత గిరాకీ, తాపీమేస్త్రీ గెన్‌పాచి గొణిగాడు. నమిలి చూడమన్నాడు తాత. గెన్‌పాచి నమిలి, ఇంకో పళ్లెం అడిగాడట. ఇప్పుడు మధ్యాహ్నం మా దుకాణంలోకి వస్తే ఆవులు నెమరేస్తున్నట్టే ఉంటుంది.

ఇదంతా తాతకు చదివి వినిపించాను. ఆరు భోజనాల్లో నాలుగోది తింటూ విన్నాడు. ముప్పై పూర్తయ్యేదాకా నోరు విప్పలేదు.

"సుమో సంగతి ఉండనీ. పిండి సంగతి మీ నానమ్మ ముందే చెప్పిందని ఎందుకు రాశావే? అది కొట్టెయ్."