ఎక్కకుండా తగిలించిన అట్ట

మా తాతయ్యకి పనిచోట ‘దిగుబాబు’ అని పేరు. ఎత్తులో ఉన్నవాడెవడైనా హెల్మెట్ తీసి తల గోక్కున్నా చాలు, కింద నుంచి “దిగు బాబూ!” అని అరుస్తాడు. ఇరవై రెండేళ్లుగా భవనాలు కట్టేచోట సేఫ్టీ సూపర్‌వైజరు. ఇంట్లో అమ్మమ్మ బల్బు మార్చడానికి స్టూలెక్కితే పట్టుకోమని అందర్నీ కేకేస్తాడు, తను మాత్రం కుర్చీలోంచి లేవడు.

రోజూ పొద్దున్నే పరంజా పైదాకా ఎక్కి, ప్రతి బిగింపూ చేత్తో కదిపి చూసి, కింద ఆకుపచ్చ అట్ట తగిలించాలి. అది లేనిదే ఎవరూ ఎక్కరు. ఆ రోజు మోకాలు మొరాయించింది. కింద నుంచే మెడ సాచి చూసి, “నిన్న బాగానే ఉందిగా” అని తగిలించేశాడు.

పదకొండింటికి తలెత్తి చూశాడు. మూడో అంతస్తు దగ్గర కొత్త ప్లాస్టరింగు నున్నగా మెరుస్తోంది. పరంజాని గోడకి పట్టి ఉంచే పైపులు అక్కడ ఒక్కటీ లేవు! తాపీకి అడ్డొస్తున్నాయని నిన్న సాయంత్రమే ఎవరో విప్పేశారు. పరంజా గోడకి బెత్తెడు ఎడంగా జరిగి ఊగుతోంది. దాని మీద ముగ్గురు. అందులో ఒకడు సొంత అల్లుడు, అంటే మా నాన్న.

ఈల నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఈల వినగానే అందరూ చివరనున్న నిచ్చెన వైపు పరిగెత్తాలని నేర్పింది ఆయనే. ముగ్గురూ ఒకే మూలకి చేరితే ఇంకేమన్నా ఉందా!

భవనం లోపలి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పొద్దున మొరాయించిన మోకాలు ఇప్పుడు కిక్కురుమనలేదు.

“ఏమయ్యా, ఈ కిటికీలోంచి లోపలికి రా. మెల్లగా, ఒక్కడివే.”

“ఎందుకండీ?”

“నీ అందం దగ్గర నుంచి చూద్దామని.”

మొదటి మేస్త్రి నవ్వుతూ లోపలికొచ్చాడు. వెనకే రెండోవాడు. వాళ్ల బరువు తగ్గినప్పుడల్లా పైపులు కిర్రుమన్నాయి.

అల్లుడు చివరి కిటికీ దగ్గర ఉన్నాడు.

“తట్టలో సిమెంటు మాలు గట్టిపడిపోతుంది మామయ్యా. ఐదు నిమిషాలు.”

“రండి అల్లుడుగారూ.”

“మీరు ఇంట్లోనూ ఇంతే. ముద్ద నోట్లో ఉండగా లేవమంటారు.”

గాలి విసిరింది. చెక్క అదిరింది. తాతయ్య ఇక వేళాకోళం మానేశాడు.

“నేను పొద్దున ఎక్కి చూడలేదు.”

అల్లుడి చేతిలో తాపీ ఆగింది. “అట్ట ఉందిగా?”

“ఉంది. అబద్ధం.”

అల్లుడు తాపీని తట్టలో పడేశాడు.

“గంతెయ్యకండి. బెల్టు కొక్కెం తియ్యండి. ఎడమ కాలు కిటికీ మీద పెట్టండి.”

కాలు మోపగానే తాతయ్య రెండు చేతులా చొక్కా పట్టి లాగాడు. ఇద్దరూ లోపల ఇటుకపొడిలో దభీమని పడ్డారు.

సంగతి తెలిసి ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు. “ఎవరికీ ఏం కాలేదుగా! పైపులు విప్పినవాడి పేరు రాసేస్తే సరి.”

“వాడి సంగతి తర్వాత. ముందు నా పేరు,” అని తాతయ్య రిజిస్టరు లాక్కుని రాసి, సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు.

చొక్కా దులుపుకుంటూ అల్లుడు అడిగాడు: “ఇంట్లో మీ అమ్మాయికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

అప్పుడు వణికింది.