గుండం దగ్గర మా మేనత్త

నా చిన్నప్పుడు, మిరప కోతలు అయిపోయి కల్లాల్లో కాయలు ఎండుతున్న రోజుల్లో, మా మేనత్త నన్ను నల్లమల లోయకు తీసుకెళ్ళింది. అక్కడి జలపాతం చూపిస్తానంది, నెమళ్ళూ దుప్పులూ కనిపిస్తాయంది. నేను ఎగిరి గంతేశాను. ఇంట్లో మాత్రం గుడికి వెళ్ళొస్తామని చెప్పింది.

నిజం చెబితే వెళ్ళనివ్వరు. అంతకుముందు వానాకాలంలో మామయ్య ఆ జలపాతం కింది గుండంలోనే కాలుజారి పడ్డాడు. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. దొరకలేదు గనక పోయాడని అత్త ఒప్పుకోలేదు. బొట్టు తీయలేదు. రోజూ ఆయనకు కంచంలో అన్నం పెట్టి మూత వేసి ఉంచేది, తెల్లారి గేదెకు వేసేది.

బస్సు దిగి అడవిలో చాలాసేపు నడిచాం. కొమ్మల మీంచి కొండముచ్చులు మమ్మల్నే చూస్తున్నాయి. జలపాతం సన్నటి ధారగా జారుతోంది. గుండం మాత్రం నల్లగా, కదలకుండా ఉంది. అవతలి ఒడ్డున నీళ్ళు తాగుతున్న దుప్పి ఒకటి తలెత్తి చూసింది, పారిపోలేదు.

ఏనాడూ మొగుడి పేరు పలకని మనిషి, అత్త, ఆయన పేరు పెట్టి గట్టిగా పిలిచింది. లోయంతా ఆ పేరే తిరిగి పలికింది. అత్త ముఖం వెలిగిపోయింది. "వస్తున్నా" అంటూ నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది.

"అత్తా!" అని అరిచాను. కొండలన్నీ అత్తా, అత్తా అన్నాయి. దుప్పి ఒక్క గెంతులో పొదల్లోకి పోయింది. అత్త ఆగింది. ఆ పిలుపు అణిగిపోయేదాకా అలాగే నిలబడి, మెల్లగా వెనక్కి తిరిగి గట్టెక్కింది.

తడి చీర పిండుకుంటూ అంది. "ఆయనే పలికాడనుకున్నానే అమ్మాయ్. నా గొంతే అది. నువ్వు పిలిస్తే తెలిసింది."

దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు. తర్వాత చాలాకాలం బతికింది, నా పిల్లల్ని ఎత్తుకుని పెంచింది. ఆ రోజు మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు.

ఇప్పటికీ కదలని నీళ్ళంటే నాకు భయమే. ఎవరైనా ఎటో చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఊరుకోలేను, ఏదో పని కల్పించుకునైనా పిలుస్తాను. హాస్టల్లో ఉన్న మనవరాలు ఫోన్ ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. "నీ చాదస్తం పాడుగాను" అంటుంది. అననీ. పలికింది, నాకది చాలు.