టంకశాలకు పోయిన మా మామ

పోయిన వారం పెనుకొండ కాలేజీలో క్లాసు ముగించి బయటికొస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ మామ ఇంక లేడు పాపా," అంది. హిందూపురం ఆసుపత్రిలో, తెల్లవారుతుండగా నిద్రలోనే పోయాడట. నేను ఆయన ఊరు ధర్మవరం చేరేసరికి వీధి నిండా జనం. వాళ్లకు ఆయన మాజీ మున్సిపల్ చైర్మన్. నాకు, కనిపించిన ప్రతి యంత్రం ముందూ ఆగిపోయే మేనమామ.

మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. చైర్మన్‌గా ఉన్నప్పుడు నీళ్ల ట్యాంకు ప్రారంభానికి పిలిస్తే, రిబ్బన్ వదిలేసి మోటారు గదిలోకి దూరేవాడు. "ఇది ఎట్ల తిరుగుతాదబ్బా, చూపియ్యి," అంటూ ఆపరేటర్ పక్కన కూర్చునేవాడు. దండలు పట్టుకున్నవాళ్లు ఎండలో నిలబడాల్సిందే.

ఎమ్మెల్యే టికెట్ ఇవ్వలేకపోయిన పార్టీ, ఆయన్ను బుజ్జగించడానికి దేశానికి నాణేలు ముద్రించే ఒక టంకశాలకు అధ్యక్షుణ్ని చేసింది. అంతవరకూ పెద్ద అధికారులు కూర్చున్న కుర్చీ అది. "ఏమప్పా, మాకూ ఒక మూట పంపిస్తావా?" అని బజారులో నవ్వారు. ఆయనా నవ్వాడు. "మూట యాడిదప్పా! ఆ బొమ్మ బిళ్ల మీదికి ఎట్ల ఎక్కుతాదో చూసొచ్చి చెప్తా."

చూశాడు. ఊరికొచ్చినప్పుడల్లా నాకు చెప్పేవాడు. పై అచ్చుకూ కింది అచ్చుకూ మధ్యకు ఉత్త బిళ్ల జారుతుందట; ఒక్క దెబ్బతో రెండు వైపులా బొమ్మ పడుతుందట. చెబుతున్నంతసేపూ అరచేతిని అరచేత్తో కొట్టేవాడు.

గడువు ముగియగానే ఇంకొకరిని వేసి ఆయన్ను పంపించేశారు. ఎందుకని ఊళ్లో తలా ఒక మాట. పెనుకొండ టీకొట్టు దగ్గర ఒకసారి నేనే అడిగాను.

"ఒక సంగతి అడిగేదానికి పోతి పాపా," అన్నాడు. "ఆ అచ్చుల ముందర అడ్డంగా తలుపుండల్ల. లేదు. యాడబోయిందంటే, పని బిర్న, తొందరగా అవుతాదని తీసేసినాము సార్ అనిరి. బిళ్ల ఇరుక్కుంటే పనోళ్లు చేతులు పెట్టి తీస్తాండారు."

ఏదో ప్రత్యేక నాణెం విడుదల సభ దగ్గర పడిందట. తలుపులు బిగించేదాకా మిషన్లు తిరగకూడదని మామ ఆపించాడు. పైనుంచి ఫోన్ మీద ఫోన్. అయినా లొంగలేదు. సభ నాటికి నాణెం తయారు కాలేదు.

"దాంతో వచ్చే ఎన్నికల టికెట్ కూడా పాయె కదా మామా?"

"పాయె." టీ గ్లాసు తిప్పాడు. "మళ్లీ నిలబడల్లని నాకూ శానా ఉండె పాపా. లేదంటే అబద్ధం. అయితే అచ్చుల కింద ఆ చేతులు చూసినాంక ఎట్ల నడపమందును?"

ఆ తర్వాత పార్టీ ఆయన్ను పిలవలేదు. అంత్యక్రియలకు మాత్రం టంకశాల నుంచి కార్మికులు కొందరు రైల్లో వచ్చారు. ఆ తలుపులు ఇంకా ఉన్నాయా అని వాళ్లలో పెద్దాయన్ను అడిగాను. "ఉన్నాయమ్మా," అన్నాడాయన. "తీయమని మళ్లీ ఎవరూ అనలేదు."

అంతకు ముందు, హిందూపురం ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఒకరోజు మామను చక్రాల కుర్చీలో స్కానింగ్‌కు తీసుకుపోతున్నాను. లిఫ్ట్ చెడిపోయి, మెకానిక్ తలుపులు తెరిచి పనిచేస్తున్నాడు. "రవ్వంత ఆపు," అన్నాడు మామ. మెడ సాచి ఆ చీకటి గుంతలోకి తొంగి చూశాడు. లోపల ఇనుప తాళ్లు మెల్లగా కదిలాయి. వాటి వెంబడే ఆయన తల కూడా మెల్లగా పైకి లేచింది.