గీకిన రీడు

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ కొట్లాట నడిచిన ఏడాది, స్టేషన్ ఘన్‌పూర్‌లో మా బడికి తాళం పడింది. తాళం తరువాత తీశారు గానీ నేను మళ్లీ అటు పోలేదు. నేను నేర్చిందేమన్నా ఉంటే మా ఇంటి అరుగు మీద నేర్చిందే.

ఆ రోజుల్లో అందరికీ అందరి మీదా అనుమానమే. ఎవరైనా ఆంధ్రా యాసలో మంచినీళ్లు అడిగినా, ఎందుకు అడిగాడా అని ఆలోచించేవాళ్లం. సరిగ్గా అప్పుడే మా బాపు హార్మోనియం బొంగురుపోయింది. ఆ సాయంత్రం తెలంగాణ సభలో పాటలకు ఊరికంతా ఆ పెట్టే దిక్కు. బాగుచేసే ఆయన రైలు దిగి వచ్చి, నోరు తెరవగానే "ఏవండీ" అన్నాడు. అంతే, నేను ఆయన ఎదురుగా కాపలా కూర్చున్నాను. ఆ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు, నేనే ఇచ్చుకున్నాను.

హార్మోనియంలో ఒక్కో మెట్టుకు రెండేసి రీడ్లు, అంటే గాలికి పలికే సన్నటి ఇత్తడి నాలుకలు. మెట్టు నొక్కితే రెండూ కలిసి పలుకుతాయి. ఆయన ఒక జతను అచ్చం ఒకే స్వరానికి తెచ్చాడు, విన్నాడు, తల ఊపాడు. ఆ తరువాత ఆకురాయి తీసి అందులో ఒకదాన్ని మళ్లీ గీకాడు! కుదిరినదాన్ని ఎవడైనా గీకుతాడా?

"బాపూ! గీయన పెట్టెను కరాబు చేస్తుండు!" అని కేకపెట్టాను.

నా గొంతుకు వాడంతా కదిలింది. పక్కింటి మామైతే కర్రతోనే వచ్చాడు. "మన సభ చెడగొట్టెటందుకే పంపిన్రు గీన్ని. నాలుగు తగిలిచ్చి రైలెక్కియ్యున్రి!" బాగుచేసే ఆయన ఆకురాయి కింద పెట్టి వెనక్కి జరిగాడు. దొంగ దొరికాడని నేను మురిసిపోయాను.

మా బాపు కర్రకు అడ్డం నిలబడ్డాడు. "జర ఆగు బావా. ఏందయ్యా, ఎందుకు గీకినవ్?"

"నేను చెబితే నమ్మరండీ. పాపనే వినమనండి."

నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. ఆయన ఒక మెట్టు నొక్కాడు. ఎండిన కట్టెలా తిన్నగా పలికింది. పక్క మెట్టు నొక్కాడు. దాంట్లో సన్నగా అల లేచింది, ఇద్దరు కలిసి పాడుతున్నట్టు.

"రెండోది మంచిగుంది. మొదటిదే నువ్వు కరాబు చేసింది!" అన్నాను గర్వంగా.

మా బాపు పగలబడి నవ్వాడు. "బిడ్డా, గీకింది రెండోదే."

మామ తన కర్రను ఊతకర్రలా పట్టుకొని, అందుకే తెచ్చుకున్నట్టు నిలబడ్డాడు. రెండు రీడ్లూ అచ్చం ఒకటైతే ఒక్కరే పాడినట్టుంటుందనీ, వెంట్రుకంత తేడా ఉంటే తోడు దొరికినట్టుంటుందనీ, అంతకు మించి గీకితే మాత్రం కొట్లాడుకున్నట్టుంటుందనీ బాగుచేసే ఆయన మెల్లగా చెప్పాడు.

పొద్దుటి నుంచి ఆయనకు ఎవరమూ గుక్కెడు నీళ్లివ్వలేదు. నేనే చెంబు తెచ్చి ఇచ్చాను. తాగే ముందు ఆయన చెంబులోకి ఒకసారి అనుమానంగా చూశాడు.

ఆ చూపు ఇప్పటికీ నా వెంట ఉంది. నా అనుమానపు బుద్ధి పోలేదు. అయితే ఎవరి మీదైనా కేకపెట్టబుద్ధయితే, ముందు కాసేపు గోడవైపు తిరిగి కూర్చుని వింటాను. ఇంట్లోవాళ్లు నేను అలిగాననుకుంటారు.