రెండు తరగతుల్లో ఉన్న రిజిస్టర్లు

మా ద్వీపానికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది పోర్ట్ లూయీలో ఒక చక్కెర కంపెనీ ఆఫీసులో నేను టైపిస్టుని. మా ఊరు లాల్మతీ నుంచి రోజూ బస్సు. ఆ ఏడాదే ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి ఓడలో దిగింది, దాని వెంట ఒక దొరా దిగాడు. దూరపు కొండలు నునుపు కదా, ఆయన చెప్పిందే వేదం. నాకు మాత్రం ప్రోగ్రామరు కావాలని ఉండేది.

దొర పని కంపైలరు వెనక భాగం రాయడం. మనం రాసిన ప్రోగ్రాముని యంత్రం ఆదేశాలుగా మార్చేది కంపైలరు. ఏ విలువ ఏ రిజిస్టరులో ఉండాలో తేల్చేది దాని వెనక భాగం. రిజిస్టర్లంటే యంత్రం చేతికందేలా పెట్టుకున్న గిన్నెలు. మాకున్నవి ఎనిమిదే. నాలుగు అంకెలకి, నాలుగు మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాలకి అని రెండు తరగతులు చేసి మధ్యన గోడ కట్టాడు మహానుభావుడు. నాన్న పనిచేసిన ఎస్టేటు పుస్తకమూ ఇంతే. ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పే మా నాన్న అందులో వట్టి ‘గ్రాన్ బాన్’, చెరకు నరికే పెద్ద గుంపులో ఒకడు.

ఆ కోడు టైపు చేసేది నేనే. చదవకుండా టైపు చేసే అలవాటు నాకు లేదు. చెరకు రసం లెక్కకి ఒకేసారి ఐదారు అంకెలు కావాలి. నాలుగు నిండగానే మిగతావి దూరాన ఉన్న మెమరీలోకి పోయి వస్తున్నాయి, పక్కన చిరునామాల రిజిస్టర్లు ఖాళీగా కూర్చున్నాయి. రేపు ఏ పొలం నరకాలో చెప్పాల్సిన లెక్క ఎల్లుండికి వచ్చేది. దొర యంత్రాన్ని తిట్టేవాడు.

భోజనం వేళల్లో యంత్రం పుస్తకం చదివాను. సున్నా నంబరు రిజిస్టరు ఒక్కటే చిరునామాకి పనికిరాదు, మిగతా ఏడూ రెండు పనులూ చేస్తాయి. అంటే అంకెలకి ఎనిమిదీ కలిపి ఒక తరగతి, చిరునామాలకి అందులోని ఏడూ కలిపి ఇంకొకటి. వంటింట్లో గిన్నెలు సర్దిన ఎవరికైనా తెలిసే సంగతి. అలా పట్టిక రాసి దొరకి చూపిస్తే ముందు విసుక్కున్నాడు, ఉన్నమాటంటే ఉలుకెక్కువ. తర్వాత, ఇది పనిచేస్తే నిన్ను ప్రోగ్రామర్లలోకి మారుస్తానన్నాడు.

పనిచేసింది. లెక్క ఆ సాయంత్రానికే వచ్చింది. పట్టిక కింద దొర తన సంతకం పెట్టుకున్నాడు.

స్వాతంత్ర్యం వచ్చిన నెలలో ఉద్యోగుల కొత్త జాబితా అంటించారు. నా పేరు టైపిస్టుల్లోనే ఉంది. వెళ్లి అడిగాను.

“నువ్వు టైపిస్టుల తరగతి. ఒకే మనిషి రెండు తరగతుల్లో ఉండటం కుదరదు,” అన్నాడు.

ఏరు దాటి తెప్ప తగలేసే రకమని అప్పుడు తెలిసింది. ఒళ్లు మండిపోయింది. ఇంటికి రాగానే నాన్న అడిగాడు, “కీ జోత్ ఫిన్ దిర్, అమ్మా?” వాళ్లేమన్నారో చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

తర్వాతి కోతలకి దొర పట్టికని సొంతంగా పొడిగించాడు. లెక్కలు చెత్తగా రాసాగాయి. ఆ పట్టిక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“నాది టైపిస్టుల తరగతి సార్,” అన్నాను.

కాగితం అక్కడే పెట్టి వెళ్లాడు. సున్నా రిజిస్టరుని చిరునామాల తరగతిలో చేర్చేశాడు, రెండో వరసలోనే కనబడింది. దిద్దమని చెయ్యి ఎంత లాగిందో ఇప్పటికీ గుర్తే. ఆ కాగితాన్ని పక్కకి జరిపి, ఆయన ఉత్తరాలు తప్పుల్లేకుండా టైపు చేశాను.